అనంతపురం లాంటి ఊళ్లో పర్యావరణం మీద మన ఇంటి భారం తగ్గించుకోవాలంటే ముందు ఏ పని పెట్టుకోవాలి?

అనంత వాసి (ప్రశ్న)

మాది అనంతపురం. సొంత ఇల్లు. కింది అంతస్తులో మేముంటున్నాం, పై అంతస్తు అద్దెకు ఇచ్చాం. మిద్దె సుమారు వెయ్యి చదరపుటడుగులు ఉంటుంది. మా అమ్మగారు, మేమిద్దరం, ఇద్దరు పిల్లలు కలిసి ఐదుగురం. బోరు ఆరు వందల అడుగుల లోతుది. ఎండలు ముదిరేసరికి ధార సన్నబడిపోయి, ఏప్రిల్ నుంచి ట్యాంకరు తెప్పించుకోక తప్పడం లేదు. ఇంట్లో ఒక ఏసీ, ఒక కూలరు, ఐదు ఫ్యాన్లు, ఫ్రిజ్ ఉన్నాయి. బయట తిరగడానికి రెండు ద్విచక్ర వాహనాలు ఉన్నాయి, కారు లేదు.

నగరాల్లో ఉండేవాళ్లు పర్యావరణానికి కలిగించే హాని ఎలా తగ్గించుకోవాలని వెతికితే దొరికే సలహాల్లో చాలా వరకు మన సీమ ఊళ్లకు పొసగడం లేదు. మెట్రో రైలెక్కమంటారు, చలికాలంలో ఇల్లు వెచ్చబెట్టుకునే ఖర్చు తగ్గించమంటారు. మన ఊళ్లో మెట్రో లేదు, ఇల్లు వెచ్చబెట్టుకోవలసిన చలీ లేదు. మనకున్నవి ఎండ, నీళ్ల కరువు, బోర్లు, ట్యాంకర్లు, వీధి చివర పొగలు కక్కే చెత్త కుప్ప. ఈ ఏడాది ఇంటి మీద యాభై వేల రూపాయల దాకా పెట్టగలం. ఏది ముందు చేయాలి, ఏది తర్వాత చూసుకోవచ్చు, ఏది వదిలేసినా పెద్ద నష్టం లేదు అనేది తెలిసినవారు కాస్త లెక్కతో చెప్పగలరా? పిల్లలకు చూపించి చేయిద్దామని ఉంది, కాబట్టి వివరంగా రాసినా ఓపికగా చదువుతాను.

పెన్న ఒడ్డు

నేనూ అనంతపురంలోనే ఉంటాను. తాగునీటి సరఫరా పనుల్లో ఉద్యోగం చేసి విరమించాను కనుక నీళ్ల సంగతి ముందు చెబుతాను. మన ఊరికి నీటి లెక్క తేలితే కరెంటు లెక్క సగం తేలినట్లే అని నా గట్టి నమ్మకం.

మీ కొళాయికి వచ్చే నీళ్లు పెన్న అహోబిలం బ్యాలెన్సింగ్ జలాశయం నుంచి వస్తాయి. ఆ జలాశయానికి ఆధారం తుంగభద్ర ఎగువ కాలువ. తుంగభద్ర ఆనకట్ట కట్టిన కొత్తలో జలాశయం 133 టీఎంసీల దాకా పట్టేది. పూడిక చేరి ఇప్పుడది 105 టీఎంసీల దగ్గరకు పడిపోయింది. 2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు కొట్టుకుపోయి నిండిన నీళ్లు వృథాగా పోతుంటే మన జిల్లా అంతా ఎంత బెంగపడిందో మీకూ గుర్తుండే ఉంటుంది. ఇక హంద్రీ-నీవా నీళ్లంటారా, శ్రీశైలం వెనుక జలాలను మల్యాల దగ్గర మొదలుపెట్టి మెట్టు మెట్టుగా పంపులతో ఎత్తిపోసుకుంటూ జీడిపల్లి దాకా తెస్తున్నారు. అందుకని ఈ ఊళ్లో కొళాయి తిప్పినా, బోరు స్విచ్ వేసినా, ట్యాంకరు పిలిచినా మనం నీళ్లతో పాటు ఎక్కడో కాలిన బొగ్గునో డీజిలునో కూడా వాడుకుంటున్నాం.

మీ బోరు లెక్కే చూద్దాం. నీటి మట్టం 600 అడుగుల దగ్గర ఉందనుకుంటే, వెయ్యి లీటర్లు పైకి తేవడానికి భౌతికశాస్త్రం ప్రకారమే అర యూనిట్ కావాలి. మోటారు, పంపు, పైపుల్లో పోయే నష్టాలు కలిపితే ఒక యూనిట్ దాటుతుంది. పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు అని సరఫరా ప్రమాణం ఉంది. ఆ లెక్కన మీ ఐదుగురికి రోజుకు 675 లీటర్లు. మట్టం 300 అడుగుల దగ్గరే ఉంటే ఇదే నీటికి సగం కరెంటు సరిపోయేది.

ఇప్పుడు మీ మిద్దె మీద పడే వాన. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన కురిస్తే ఒక లీటరు. మీ వెయ్యి చదరపుటడుగులు 93 చదరపు మీటర్లు. అనంతపురం సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. అంటే మీ మిద్దె మీద ఏడాదిలో 51 వేల లీటర్లు పడుతున్నాయి. ఆవిరి, చిందులు, వదిలేసే తొలి వాన తీసేసి ఎనభై శాతం దక్కినా 41 వేల లీటర్లు. ఐదు వేల లీటర్ల ట్యాంకర్ల లెక్కన ఎనిమిది ట్యాంకర్లు. మీ ఇంటి అవసరానికి రెండు నెలల నీళ్లు. దేశంలోనే బాగా తక్కువ వానలు పడే జిల్లాలో చెబుతున్న లెక్క ఇది.

ఈ నీళ్లు ఇప్పుడు ఏమవుతున్నాయి? మిద్దె పైపుల నుంచి సిమెంటు రోడ్డు మీదికి, అక్కడి నుంచి కాలువలోకి, కాలువ నుంచి వంకలోకి పోతున్నాయి. 2022 అక్టోబరులో నడిమివంక పొంగి మన కాలనీలు మునిగినప్పుడు జనం మిద్దెలెక్కి కూర్చున్నారు. తర్వాతి వేసవిలో అదే కాలనీల్లో ట్యాంకర్లు తిరిగాయి. వరదకూ కరువుకూ ఉన్న అనేక కారణాల్లో మన ఇళ్ల నుంచి ఒక్క చుక్క ఇంకకుండా బయటికి తరిమేయడం ఒకటి, మన చేతిలో ఉన్నది కూడా అదే. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం వాన నీటిని ఒడిసిపట్టే ఏర్పాటు ఉండాలి. ఇంటి అనుమతి కాగితాల్లో చాలామంది గుంత గీసి చూపిస్తారు గానీ, ఇల్లు పూర్తయ్యాక అక్కడ వాహనం నిలుపుకునే గచ్చు వేసేస్తారు.

మీరు చేయవలసింది ఇది. మిద్దె వాలు ఎటు ఉందో చూసుకుని, వాన పైపులన్నీ ఒకచోటికి కలపండి. కిందికి దిగాక T ఆకారపు పైపు ముక్క ఒకటి వేసి, ఒక దారికి మూత పెట్టే వీలుండాలి. తొలి వానకు మిద్దె మీది దుమ్ము, పావురాల రెట్ట, ఆకులు కొట్టుకొస్తాయి కాబట్టి ఆ నీళ్లు ఆ దారిన బయటికి పోవాలి. మీ మిద్దెకు మొదటి వంద, రెండు వందల లీటర్లు వదిలితే చాలు. ఆ తర్వాతి నీళ్లు ముందు సంపులోకి, సంపు నిండాక ఇంకుడు గుంతలోకి వెళ్లాలి. గుంత నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల లోతు ఉంటే చిన్న స్థలానికి సరిపోతుంది. అడుగున పెద్ద కంకర, దాని మీద ఇరవై ఎంఎం కంకర, ఆ పైన ముతక ఇసుక వేయాలి. ఇసుక మీద ఒక వల పరిస్తే ఏటా పైపొర పూడిక తీసి కడిగి మళ్లీ వేయడం సులువు. ఈ శుభ్రం చేసే పని మరచిపోతే మూడు నాలుగేళ్లలో గుంత బండబారిపోతుంది. ఊళ్లో పనికిరాకుండా పోయిన గుంతలన్నీ దాదాపు ఇలా పోయినవే.

ఒక్క హెచ్చరిక. మిద్దె నీళ్లను వడగట్టకుండా నేరుగా బోరు కేసింగులోకి వదలవద్దు. పై మురికి లోతు నీటిలో కలిస్తే తర్వాత తీయడానికి మార్గం ఉండదు, అది మీ ఒక్కరి నీరు కూడా కాదు. ఇంకో మాట, మనది గట్టి రాతి నేల. గుంత తవ్విన ఏడాదే బోరు ఉరకలేస్తుందని ఆశ పెట్టుకోకండి. నీళ్లు రాతి పగుళ్ల దారిన నిదానంగా వెళ్తాయి. వీధిలో పది ఇళ్లు చేస్తే తేడా కనిపిస్తుంది. సంపులో పట్టిన నీళ్ల ఫలితం మాత్రం ఆ నెలలోనే మీకు తెలుస్తుంది.

బుగ్గవంక (కడప)

పెన్న ఒడ్డు గారి లెక్కలు కాదనలేనివి. అయినా ఖర్చు పెట్టే వరుసలో నేను నీటి కన్నా ముందు కరెంటును, అందులోనూ ఎండను ఆపే పనిని పెడతాను, ఎందుకంటే తక్కువ డబ్బుతో వెంటనే ఫలితం ఇచ్చేవి అక్కడే ఉన్నాయి. గుంతకు యాభై వేలలో ఎంత పోయినా ఈ పనులకు పది పదిహేను వేలు పక్కన పెట్టండి.

మా జిల్లాలో ముద్దనూరు దగ్గర రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది, 1650 మెగావాట్లది. దానికి బొగ్గు దూరం నుంచి రైళ్ల మీద వస్తుంది, నీళ్లు పెన్న మీది మైలవరం జలాశయం నుంచి వెళ్తాయి. మన దేశపు గ్రిడ్ సగటున ఒక యూనిట్ కరెంటుకు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. మీరు కరెంటు ఆదా చేస్తే బొగ్గుతో పాటు నీళ్లు కూడా ఆదా అవుతాయి. పెన్న ఒడ్డు గారు నీళ్ల వెనుక కరెంటు ఉందన్నారు, కరెంటు వెనుక నీళ్లూ ఉన్నాయి.

మొదటి పని ఫ్యాన్లు. మామూలు సీలింగ్ ఫ్యాను 75 వాట్లు తింటుంది, తక్కువ కరెంటు తినే కొత్త రకం మోటారు ఉన్న బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్ల దగ్గర తిరుగుతుంది. మన ఎండలకు రోజుకు పదిహేను గంటలు తిరిగే ఫ్యానును మారిస్తే నెలకు ఇరవై యూనిట్లు మిగులుతాయి. ఐదింటిలో ఎక్కువసేపు తిరిగే మూడు మార్చండి చాలు. నెలకు 60 యూనిట్లు, అంటే 42 కిలోల కార్బన్ డయాక్సైడ్. ఒక లీటరు పెట్రోలు కాలితే 2.3 కిలోలు వస్తుంది కాబట్టి, నెలకు 18 లీటర్ల పెట్రోలు మానేయడంతో సమానం. ఫ్యాను ఒక్కోటి మూడు వేల దగ్గర దొరుకుతుంది. ఎప్పుడో ఒకసారి తిరిగే ఫ్యాను మార్చడం మాత్రం డబ్బు దండగ, అది పాడయ్యేదాకా వాడుకోవడమే పర్యావరణానికి మంచిది.

రెండో పని మిద్దెకు తెల్ల సున్నం. మన పెద్దవాళ్ల చవుడు మిద్దెల కింద మే నెలలో కూడా పగటి నిద్ర పట్టేది, మందపాటి మట్టి పొర ఎండను కిందికి దిగనిచ్చేది కాదు. ఇప్పటి నాలుగైదంగుళాల స్లాబు పగలంతా కాగి, రాత్రి పదకొండు గంటల దాకా ఆ వేడిని గదిలోకి వదులుతూనే ఉంటుంది. సున్నం కొట్టిన మిద్దె ఎండను వెనక్కి కొడుతుంది. కింది గదిలో రెండు నుంచి ఐదు డిగ్రీల దాకా తేడా వస్తుంది. రాతి సున్నం రాత్రంతా నానబెట్టి, వడగట్టి, జిగురు కలిపి, మిద్దె ఊడ్చి తడిపి, కుంచెతో రెండు పూతలు వేయాలి. పొద్దున్నే మొదలుపెట్టి ఎండెక్కక ముందే ముగించండి. కళ్లకు అద్దాలు, చేతులకు తొడుగులు లేకుండా సున్నం జోలికి వెళ్లవద్దు, పిల్లల్ని ఆ పనిలో పెట్టవద్దు. ఏటా వేయాలి గానీ ఖర్చు తక్కువ. మీ ఇంట్లో అయితే దీని మేలు ముందుగా పై అంతస్తు అద్దెవాళ్లకు అందుతుంది. మిద్దె నేరుగా వాళ్ల తల మీదే ఉంది కదా.

మూడోది ఏసీ, కూలరు వాడకం. మన గాలి పొడిగా ఉంటుంది కాబట్టి మార్చి నుంచి జూన్ మొదటి వానల దాకా కూలరు చక్కగా పనిచేస్తుంది. ఒకటిన్నర టన్నుల ఏసీ గంటకు ఒకటి, ఒకటిన్నర యూనిట్ తింటే, కూలరు అయిదు గంటలకు ఒక యూనిట్ తింటుంది. అయితే పెద్ద కూలరుకు రోజుకు నలభై, యాభై లీటర్ల నీళ్లు కావాలి, ఆ మాట దాచకూడదు. నా లెక్కలో ఆ మాత్రం నీళ్లు ఖర్చు చేసి ఏసీని ఆపడమే మేలు. కూలరుకు ఆర్వో యంత్రం వదిలేసే నీళ్లు పోయవద్దు. అందులో లవణాలు ఎక్కువ, గడ్డి పట్టీల మీద తెల్లటి పెచ్చు కట్టి రెండు నెలల్లో గాలి ఆడదు. ఆ నీళ్లు గచ్చు తుడవడానికి, బండి కడగడానికి పనికొస్తాయి. ఆర్వో లీటరు మంచి నీళ్లిచ్చే సరికి రెండు మూడు లీటర్లు బయటికి వదులుతుంది కాబట్టి, కొళాయి నీళ్లు బాగుండే నెలల్లో అసలు అది అవసరమా అనేది పరీక్ష చేయించుకుని నిర్ణయించుకోండి. ఏసీ తప్పనిసరైన రోజున 24 కంటే తగ్గించకండి. ఒక్కో డిగ్రీ పెంచితే ఆరు శాతం కరెంటు కలిసొస్తుందని ఇంధన సామర్థ్య బ్యూరో చెబుతోంది.

సౌర పలకలు మీ యాభై వేలకు ఇప్పుడే అందవేమో గానీ వచ్చే ఏడాదికి మనసులో పెట్టుకోండి. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్లకు 78 వేల రూపాయల రాయితీ ఉంది. మూడు కిలోవాట్లకు మూడు వందల చదరపుటడుగుల మిద్దె, రోజుకు సగటున పన్నెండు యూనిట్లు. కర్నూలు వైపున్న గని, శకునాల ఊళ్ల దగ్గర వెయ్యి మెగావాట్ల సౌర పార్కు పెట్టడానికి కారణమైన ఎండే మన మిద్దెల మీదా కాస్తోంది.

హంద్రీ గట్టు (కర్నూలు)

ఇద్దరు అన్నలూ నీళ్లు, కరెంటు చెప్పేశారు. రూపాయి ఖర్చు లేకుండా రేపు పొద్దున్నుంచే మొదలుపెట్టగలిగింది చెత్త. దాన్ని తక్కువగా చూడవద్దని మనవి.

మన ఊళ్ల చెత్తలో సుమారు సగం తడి చెత్తే. కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం, పూలు, అరటి ఆకులు. వీటిని ప్లాస్టిక్ సంచిలో మూటగట్టి ఇస్తే డంపింగ్ యార్డులో గాలాడక కుళ్లి మీథేన్ పుడుతుంది. వందేళ్ల లెక్కన చూస్తే మీథేన్ కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 28 రెట్లు భూమిని వేడెక్కిస్తుంది. అదే చెత్త మీ పెరట్లో గాలి తగులుతూ కుళ్లితే ఎరువవుతుంది. పైగా తడి, పొడి కలిపి ఇచ్చిన చెత్తలో చేతులు పెట్టి వేరు చేసేది ఎవరో ఒక పారిశుద్ధ్య కార్మికురాలు. 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలే తడి, పొడి, ప్రమాదకర చెత్తలను ఇంట్లోనే వేరు చేయాలని చెప్పాయి. పగిలిన గాజు, వాడేసిన బ్లేడు, డయాపరు, శానిటరీ ప్యాడు కాగితంలో చుట్టి విడిగా ఇవ్వడం ఆమె పట్ల మనకుండవలసిన కనీస మర్యాద.

మా ఇంట్లో పాత ప్లాస్టిక్ డ్రమ్ముకు చుట్టూ, అడుగున చిల్లులు పెట్టి, కింద రెండు ఇటుకలు ఉంచి, మెట్ల కింద నీడలో పెట్టాం. అడుగున ఎండుటాకులు, దాని మీద ఆ పూట తడి చెత్త, దాని మీద మళ్లీ ఎండు పొర. ఈ ఎండు పొరకు మన ప్రాంతంలో బుడ్డల (వేరుశనగ కాయల) పొట్టును మించింది లేదు. బుడ్డలు కొట్టే మిల్లులో బస్తా అడిగితే ఇస్తారు. కాళ్లతో తొక్కి నలిపి వేయండి, లేకపోతే అరగడానికి చాలా కాలం పడుతుంది. మొదట్లో ఒకసారి పుల్లటి మజ్జిగ చల్లితే కుళ్లడం త్వరగా అందుకుంటుంది. వాసన వస్తే తడి ఎక్కువైందని గుర్తు, పొట్టు ఇంకో దోసెడు వేయాలి. పిడికిట్లో పట్టి పిండితే చేయి తడవాలే గానీ నీళ్లు కారకూడదు. మన ఎండకు పైపొర ఎండిపోతుంటుంది, అప్పుడప్పుడు బియ్యం కడిగిన నీళ్లు చిలకరిస్తే సరిపోతుంది. మాంసం, చేప ముక్కలు అందులో వేయకండి, పిల్లులు, పందికొక్కులు వస్తాయి.

మీరు రాసిన వీధి చివరి పొగ గురించి. రాలిన ఆకులు, ప్లాస్టిక్ కలిపి తగలబెట్టడం మీద జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016లోనే అయిదు వేల రూపాయల జరిమానా అని ఉత్తర్వు ఇచ్చింది. కాని పొద్దున్నే చీపురు పట్టిన మనిషి మీద ఆ జరిమానా మాట ఎత్తడం నాకు నచ్చదు. ఆకుల కుప్ప ఎత్తుకెళ్లే బండి రాకపోతే ఆమె మాత్రం ఏం చేస్తుంది? ఆ ఆకుల్ని మీరే అడిగి బస్తాలో నింపుకోండి. మీ డ్రమ్ముకు అవసరమైన ఎండు పొర మీ గడప దగ్గరికే వచ్చినట్టవుతుంది.

ఇంకొకటి. ఇంట్లో ఏడాదంతా గుడ్డ సంచి పట్టుకుని తిరిగిన పొదుపును ఒక్క పెళ్లి, ఒక్క గృహప్రవేశం మింగేస్తుంది. నాలుగు వందల మందికి భోజనమంటే నాలుగు వందల చిన్న నీళ్ల సీసాలు, అన్ని ప్లాస్టిక్ పూత గ్లాసులు, ఐస్‌క్రీం కప్పులు, చెంచాలు. 2022 జూలై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ పళ్లేలు, గ్లాసులు, చెంచాలు నిషేధం. అయినా ఫంక్షన్ హాలు వెనక్కి వెళ్లి చూస్తే కడుపు తరుక్కుపోతుంది. షామియానా సామాన్లు ఇచ్చే వాళ్ల దగ్గరే స్టీలు పళ్లేలు, గ్లాసులు, నీళ్ల డ్రమ్ములు అద్దెకు దొరుకుతాయి, కడగడానికి ఇద్దరు మనుషులను పెట్టుకోవాలి. లేదంటే అరటి ఆకు, విస్తరాకు. బంధువుల్లో మొదటి ఇల్లు మీది కావాలి, రెండో ఇల్లు తనంతట తానే అడుగుతుంది. మా చుట్టాల్లో అలాగే జరిగింది.

అద్దె ఇల్లు (అనంతపురం)

పై అంతస్తులో అద్దెకున్నవాళ్ల సంగతి వచ్చింది కాబట్టి, అద్దెకు ఉండే నేను రెండు మాటలు చెబుతాను. గుంత తవ్వడం, మిద్దెకు సున్నం కొట్టడం మా చేతుల్లో లేదు. ఫ్యాన్లు మాత్రం కొనుక్కోవచ్చు, ఇల్లు మారినప్పుడు విప్పుకుని తీసుకెళ్లవచ్చు. నీళ్ల ట్యాంకు నిండి మిద్దె మీద పొర్లిపోవడం అద్దె ఇళ్లలో పెద్ద నష్టం, ఎందుకంటే మోటారు వేసేవారొకరు, ఆపవలసిన వారొకరు. ట్యాంకు నిండగానే మోటారును ఆపేసే ఫ్లోట్ స్విచ్ పెట్టించండి, ఖర్చు కొద్దే. ఆరు వందల అడుగుల నుంచి తెచ్చిన నీళ్లను కాలువ పాలు చేయడం కంటే అన్యాయం ఉండదు. కరెంటు మీటరు వేరుగా ఉన్నా నీళ్లకు మీటరు ఉండదు కాబట్టి, ఇంటి యజమానులే పూనుకుని అద్దెవాళ్లతో కూర్చుని మాట్లాడుకోవాలి. ఆజ్ఞలా చెబితే ఎవరికీ నచ్చదు.

అనంత వాసి

అందరికీ కృతజ్ఞతలు. ఇంత వివరం ఊహించలేదు. మా అబ్బాయి మిద్దె కొలిచి వాన లెక్క తానే మళ్లీ వేసి చూసుకున్నాడు. రెండు సందేహాలు మిగిలాయి. మిద్దెకు సున్నం కొట్టి, ఆ మిద్దె నీళ్లనే సంపులోకి పట్టుకోవడం ఒకదానికొకటి అడ్డం కాదా? రెండోది, ఇంటి ముందు కొబ్బరి చెట్టు పోయింది, ఆ చోట ఏ చెట్టు పెడితే నీళ్లు తక్కువ తాగి నీడ ఎక్కువ ఇస్తుంది?

పెన్న ఒడ్డు

సున్నం, వాన నీళ్లు ఒకదానికొకటి అడ్డం కావు, కాలం చూసుకుని చేస్తే చాలు. ఉగాది ముందు సున్నం కొట్టించండి. ఎండాకాలమంతా అది గట్టిపడి మిద్దెను పట్టుకుంటుంది. ఊడిపోయేదంతా మొదటి రెండు వానలకే ఊడిపోతుంది కాబట్టి, ఆ రెండు వానలూ పూర్తిగా వదిలేయండి. తర్వాతి నీళ్లలో కాస్త సున్నపు గుణం ఉన్నా బట్టలు ఉతకడానికి, మరుగుదొడ్లకు, మొక్కలకు ఇబ్బంది ఉండదు. ఆ నీళ్లు తాగడానికి, వంటకు వాడమని నేను చెప్పడం లేదు. వచ్చే ఏడాది సౌర పలకలు పెడితే వాటి మీద పడి జారే నీళ్లు ఇంకా శుభ్రంగా ఉంటాయి.

చెట్టు విషయంలో నా ఓటు వేపకు, స్థలం చిన్నదైతే కానుగకు. రెండూ మన నేలలో పుట్టి పెరిగినవే. మొదటి రెండు ఎండాకాలాలు నీళ్లు పోసి కాపాడితే తర్వాత తమ దారి తాము చూసుకుంటాయి. పాదు చుట్టూ గచ్చు వేయకుండా కనీసం మూడడుగులు మట్టి వదలండి. పడమటి వైపు పెడితే మధ్యాహ్నం గోడకు తగిలే ఎండ ఆగుతుంది.

బుగ్గవంక (కడప)

చెట్టుకు, పలకలకు ఒక చిక్కు ఉంది. పలకల మీద ఒక మూలన నీడ పడినా ఉత్పత్తి బాగా తగ్గుతుంది కాబట్టి, పలకలు ఎక్కడ పెట్టబోతున్నారో ఇప్పుడే గీసుకుని, చెట్టును వాటికి దూరంగా నాటండి. పలకలు దక్షిణం వైపు వాలి ఉండాలి.

ఇంటి పనులు అయ్యాక వీధి వైపు కూడా ఒక చూపు చూడమని కోరుతున్నాను. 2020 నవంబరులో నివర్ తుపానుకు బుగ్గవంక పొంగి కడపలో ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. వంకలో ఇరుక్కున్న సంచులు, థర్మాకోల్ పళ్లేలు కూడా దానికి తోడయ్యాయి. 2025 జనవరి 18న మా మైదుకూరు నుంచి మొదలైన స్వచ్ఛాంధ్ర కార్యక్రమాన్ని ప్రతి నెలా మూడో శనివారం జరుపుతున్నారు. ఫొటోలతో సరిపెట్టకుండా, ఆ శనివారం మీ వీధి కాలువ నడిమివంకలో కలిసే చోట పూడిక తీయమని వార్డు సచివాలయంలో కాగితం రాసి ఇవ్వండి. నలుగురు సంతకాలు పెట్టి ఇస్తే దానికి కదలిక ఉంటుంది.

అనంత వాసి

అలాగే చేస్తాం. ముందు మూడు ఫ్యాన్లు, తడి చెత్త డ్రమ్ము, ఫ్లోట్ స్విచ్. ఆ తర్వాత పైపులు కలపడం, గుంత. సున్నం వచ్చే ఉగాదికి. మేస్త్రీతో మాట్లాడాను, మృగశిర కార్తెలోపు గుంత ముగిస్తానన్నాడు. గుంత ఇంటికి ఏ మూలన తవ్వితే మంచిదంటారు?

పెన్న ఒడ్డు

నేల వాలు ఎటు ఉంటే ఆ పల్లపు మూలన తవ్వించండి. పునాదికి అయిదారు అడుగుల దూరం ఉండాలి. సెప్టిక్ ట్యాంకు ఏ వైపు ఉందో ముందే తెలుసుకుని, స్థలం ఉన్నంతలో దానికి ఎదుటి మూలన పెట్టించండి. మేస్త్రీ తొందరపడి ఇసుక బదులు రాళ్ల పొడి పోస్తానంటే ఒప్పుకోవద్దు, అది మొదటి వానకే గట్టిపడి నీళ్లను దిగనివ్వదు. ముతక ఇసుకను కడిగి వేయమని దగ్గరుండి చెప్పండి.